మింగుడు మాటలు

"పిలిచారట?" అంటూ నీలవేణి తలుపు తోసేసరికి డాక్టర్ జోగారావు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. గదిలో ఏసీ బుర్రుమంటూనే ఉంది. ముప్ఫయ్యేళ్ళు గొంతు ఆపరేషన్లు చేసి, ఒక్కనాడూ చెయ్యి వణకని మనిషిగా విశాఖపట్నమంతా పేరు తెచ్చుకున్న డాక్టరాయన. రిటైరయ్యాక ఈ కొండ మీద చిన్న కంపెనీ పెట్టి, గొంతు పోయిన తన పేషెంట్లకే మళ్ళీ మాట తెప్పిస్తున్నారు. అంతటి పెద్దమనిషి ఇప్పుడు కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లాడిలా కూర్చున్నారు. ఎదురుగా సన్నగా, నీటుగా ఉన్న ఒకాయన కాఫీ తాగుతున్నాడు.

"ఈయన అనంతశయనం గారు. దర్యాప్తు శాఖ," అన్నారు జోగారావు, ఒక కాగితం ఆమె వైపు జరుపుతూ.

నీలవేణి నిలబడే చదివింది. సర్కారువారి భాష ఎప్పుడూ సాఫీగా మొదలై చివర్లో కరుస్తుంది. ఫలానా కంటె ధరించిన వ్యక్తికి సంబంధించి కంపెనీ వద్ద నిల్వ ఉన్న సమస్త సమాచారమూ ఎల్లుండిలోగా అప్పగించాలి. ఈ సంగతి సదరు వ్యక్తికి ఏ రూపంలోనూ తెలియపరచరాదు. తెలియపరిస్తే శిక్ష. కంటె నంబరు ఒకటి.

ఒకటో నంబరు ఎవరిదో ఆమె వెతుక్కోనక్కర్లేదు. అది ఈ కంపెనీలో తయారైన మొట్టమొదటి కంటె. తన చేతులతో తన తల్లి పోలమ్మ మెడకి తొడిగిన కంటె.

"ఆవిడ మీ అమ్మగారని నాకు తెలుసమ్మా," అన్నాడు అనంతశయనం మర్యాదగా. "మిమ్మల్ని తప్పించి పని జరుపుకుందామనే అనుకున్నాను. తాళం మీ దగ్గరే ఉందని డాక్టరుగారు చెప్పారు. అందుకని మా నిపుణుడు మీ పక్కన కూర్చుంటాడు, మీరు తెరుస్తారు."

"పలికిన మాటలు మేం దాచం సార్. కంటె పలికేసిందంటే ఆ మాటతో మాకు పని అయిపోయినట్టే."

"పలికినవి కాదు. పలకనివి."

నీలవేణి జోగారావు వైపు చూసింది. ఆయన కిటికీలోంచి సముద్రాన్ని చూస్తున్నారు. అనంతశయనం తన ఫోన్ తిప్పి చూపించాడు. ఏదో సన్మాన సభ. శాలువా కప్పుకున్న జోగారావు మైకు పట్టుకుని, "మా కంటె మీరు చెప్పిన మాటనే కాదు, గొంతు దాకా వచ్చి మీరు మింగేసిన మాటను కూడా పసిగడుతుంది" అంటున్నారు. చప్పట్లు. ఇంకో శాలువా వస్తోంది.

"నాలుగు మంచి మాటలు చెప్పమన్నారమ్మాయ్," అన్నారు జోగారావు చిన్నగా.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. శాలువా కప్పితే ఎంత మంచి నోరైనా జారుతుందని నీలవేణికి ఆవేళే తెలిసింది. ఆయన మీద కోపం రాలేదు. ఆ కోపమంతా చల్లగా తన మీదకే వచ్చి కూర్చుంది. మింగిన మాటల్ని దాచే పద్ధతి కనిపెట్టింది తనే మరి.

ఆ పద్ధతి ఎందుకు వచ్చిందో చెప్పాలంటే సత్తెమ్మ సంగతి చెప్పాలి. కంటె అనేది మెడకి తొడిగే పట్టీ. మాట్లాడదామని మనిషి అనుకోగానే మెడ నరాల్లో ఒక జలదరింపు పుడుతుంది. గొంతు పెట్టె తీసేసినా ఆ జలదరింపు చావదు. పట్టీ దాన్ని చదివి మాటగా పలుకుతుంది. కంపెనీ దానికి పెట్టిన పొడుగాటి ఇంగ్లీషు పేరు డబ్బా మీదే మిగిలిపోయింది. అచ్చం అమ్మమ్మలు పెట్టుకునే కంటెలా ఉందని జాలరి ఆడవాళ్ళు ఆ పేరుతోనే పిలిచారు, అదే స్థిరపడింది. మొదటిసారి పోలమ్మకి తొడిగిన రోజు పక్కింటి సత్తెమ్మ హార్లిక్స్ సీసా పట్టుకుని పరామర్శకి వచ్చింది. పోలమ్మ నవ్వుతూ "రా సత్తెమ్మా" అనబోయింది. "వచ్చింది ముండ, బతికున్నానో సచ్చినానో సూసుకోడానికి" అంది కంటె. తరవాత "కూకో" అని కూడా అంది గానీ సత్తెమ్మ కూర్చోలేదు. సీసా కూడా వెనక్కి తీసుకుపోయింది.

ఆ రోజు నీలవేణికి ఒక సంగతి అర్థమైంది. మనిషి గొంతు దాకా వచ్చిన మాటల్లో బయటికొచ్చేవి కొన్నే, మింగేసేవే ఎక్కువ. ఏది మింగాలో తెలియని గొంతు గొంతే కాదు. అందుకని జల్లెడ తయారుచేసింది. మింగే ముందు ఊపిరి ఎలా తొక్కిపట్టుకుంటారో, మెడ కండ ఎలా బిగుస్తుందో ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క తీరు. అది కంటెకి తెలియాలంటే ఆ మనిషి మింగిన మాటలన్నీ కంటెకి గుర్తుండాలి. ఆఫీసులో చల్లటి గదిలో ఉన్న కంప్యూటరు పెట్టెలో, ఒక్కొక్కరివీ విడివిడిగా, తాళం వేసి ఉంటాయవి. చెరిపేస్తే జల్లెడ పోతుంది. జల్లెడ పోతే మళ్ళీ సత్తెమ్మ కథే.

జాలరిపాలెం ఆడవాళ్ళకి నీలవేణి ఈ సంగతి చెప్పలేదు. "నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాట బయటికి రాదు పెద్దమ్మా, భయపడకు" అని మాత్రం చెప్పింది. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

*

ఆ సాయంత్రం నీలవేణి ఇంటికి వెళ్ళేసరికి పోలమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని కవళ్ళ చేపలు బాగుచేస్తోంది.

"ఒలే, అలాగున్నావేటి? మధ్యాన్నం తిన్లేదా?" అంది కంటె.

అది పోలమ్మ పాత గొంతే. ఎవరి పెళ్ళి వీడియోలోనో కూర చాల్లేదని పోట్లాడుతున్న పోలమ్మ దొరికితే, దాంట్లోంచే నీలవేణి ఈ గొంతు తయారుచేసింది. అందుకే కాబోలు, పోలమ్మ ఎంత ప్రేమగా మాట్లాడినా కాస్త దెబ్బలాడుతున్నట్టే ఉంటుంది.

"తిన్నానమ్మా. తలనొప్పి."

"తలకి నూనెట్టుకోవు, నొప్పి రాక ఏటవుద్ది."

పోలమ్మ నలభయ్యేళ్ళు అడ్డపొగ తాగింది. నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చడాన్ని ఆ తీరంలో అలా అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, రెండు చేతులూ చేపల మీదే ఉంటాయి. పెదాలతో చుట్ట బిగించి పట్టుకుని బేరం చేసేది, తిట్టేది, నవ్వేది. పుండు అంగిట్లో మొదలై గొంతుకి పాకింది. జోగారావే కోసి తీశారు. ఆ తరవాత రెండేళ్ళు ఆ ఇంట్లో మాట లేదు. ఆ రెండేళ్ళలోనే నీలవేణి పైఊళ్ళో ఉద్యోగం మానేసి డాక్టరుగారి దగ్గర చేరి, తల్లి మెడ మీద వైర్లు అతికిస్తూ కూర్చుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో లేనిది మాట కాదు, కొడుకు. నీలవేణి తమ్ముడు లోవరాజు కొత్త జెట్టీ వద్దంటూ పడవలు అడ్డంపెట్టిన కుర్రాళ్ళకి ముందు నిలబడ్డాడు. ఒక రాత్రి జెట్టీకి రాళ్ళు తెచ్చే బార్జి తగలబడింది. అందులో నిద్రపోతున్న వాచ్‌మన్ చనిపోయాడు. పొద్దున్నకి లోవరాజు లేడు. పోలీసులొచ్చి అడిగితే పోలమ్మ గడపలో నిలబడి, "నా కొడుకు ఆ రాత్రి ఇంట్లోనే తొంగున్నాడు. తెల్లారి పనికెల్లినాడు" అంది. కంటె కూడా అదే పలికింది, తడబడకుండా. జల్లెడ అంత బాగా పనిచేసింది.

"అమ్మా," అంది నీలవేణి.

"ఏటి?"

చెప్పకూడదు. చెబితే శిక్ష. చెప్పకపోతే? ఎల్లుండి తను పెట్టె తెరుస్తుంది, పక్కన ఎవరో కూర్చుని తల్లి గొంతులోకి తొంగి చూస్తాడు, తల్లి ఇక్కడ కవళ్ళు కోసుకుంటూ ఉంటుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

"ఏంలేదు. పులుసు పెట్టు," అంది.

*

మర్నాడు పొద్దున్నే అందరికన్నా ముందు ఆఫీసుకి వెళ్ళి ఒకటో నంబరు పెట్టె తెరిచింది. నిపుణుడి పక్కన కూర్చుని మొదటిసారి చూడటం కన్నా ముందే చూసుకుంటే మంచిదని తనకి తను నచ్చచెప్పుకుంది. ఇన్నేళ్ళూ ఆమె ఆ పెట్టెలోని జలదరింపుల లెక్కలే చూసింది గానీ, వాటిని మాటలుగా మార్చి ఎప్పుడూ చదవలేదు. తల్లి చీర మడతల్లో చెయ్యి పెట్టినట్టు సిగ్గేసింది. అయినా చదివింది.

ఎక్కువ భాగం కూరల గురించే. ఉప్పు ఎక్కువైందని, సత్తెమ్మ కోడలికి పొగరని, డాక్టరు బాబు ముసలోడైపోతున్నాడని. "ఈ గుంటకి జుట్టూడిపోతంది, ఎవడు సేసుకుంటాడు" అన్నది చాలాసార్లు ఉంది. నీలవేణికి నవ్వొచ్చింది. తల్లి ఆ మాట తనతో ఒక్కసారి కూడా అనలేదు.

తరవాత బార్జి తగలబడిన రోజులొచ్చాయి.

"లేడు. ఇంట్లో లేడు. ఎక్కడికెల్లినాడో."

పోలీసులు గడపలో ఉన్నప్పుడు: "ఈడే తగలెట్టీసినాడు. మనిషిని సంపీసినాడు. నా కడుపున సెడబుట్టినాడు."

రేపే ఈ మాట పరాయివాడి చేతిలో ఉంటుంది. కన్నతల్లి సాక్ష్యం. దీన్ని మించిన సాక్ష్యం ఏ కోర్టుకి కావాలి?

ఏదో ఒకటి తిప్పుతూ వెనక్కి వెనక్కి వెళ్ళింది. కిందటేడాది తుపాను రోజుల దగ్గర ఆగింది.

"నా గూతురు సచ్చిపోయింది. లారీ కింద పడిపోయింది. సచ్చిపోయింది నా గూతురు."

ఆ రోజు ఆమెకి బాగా గుర్తుంది. కొండ రోడ్డు మీద చెట్లు పడి బస్సులు ఆగిపోయాయి. ఫోన్ పనిచెయ్యలేదు. తడిసి ముద్దయి ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోయింది. పోలమ్మ తలుపు తీసి, "అన్నం తిన్నావా?" అని మాత్రమే అడిగింది. అంతసేపూ లోపల కూతుర్ని చంపుకుని, ఏడ్చుకుని, మింగుకుని కూర్చుందన్నమాట. నీలవేణి ఆ గదిలో ఒక్కతే కూర్చుని ఏడ్చింది.

ఆ తరవాత కళ్ళు తుడుచుకుని సరాసరి అనంతశయనం ఉన్న గెస్టు హౌసుకి వెళ్ళింది.

"ఈ రికార్డు ప్రకారం నేను చచ్చిపోయాను సార్," అంది, ఆ మాటలు రాసిన కాగితం ఆయన ముందు పెట్టి. "లారీ కింద పడి. మీరిప్పుడు మాట్లాడుతున్నది ఎవరితో?"

ఆయన చదివాడు. "అంటే తెరిచి చూశారన్నమాట."

"చూశాను. మింగిన మాట నిజం కాదు సార్. మనిషి భయాన్నీ మింగుతాడు, కోపాన్నీ మింగుతాడు, అబద్ధాన్నీ మింగుతాడు. నిజమూ కొంత ఉంటుందేమో. ఏది ఏదో మింగిన మనిషే చెప్పలేడు."

అనంతశయనం ఆ కాగితం మళ్ళీ ఒకసారి చదివాడు. ఆయన చెడ్డవాడైతే నీలవేణికి పని తేలికయ్యేది.

"మీ అమ్మగారు మీరు పోయారని భయపడ్డారు. ఆ భయానికి ఒక కారణముంది: తుపాను. తమ్ముడి గురించి భయపడితే దానికీ ఒక కారణం ఉంటుంది. నాకు ఆ కారణం కావాలి. చనిపోయినాయన పేరు సూర్యనారాయణ. ఆయన కూతురు రోజూ నాకు ఫోన్ చేస్తుంది. మా నాన్నని ఎవరు కాల్చారో తెలిసిందా సార్ అని. ఆ అమ్మాయికి నేనేం చెప్పను? మాటలున్నాయి గానీ తీసుకోబుద్ధి కాలేదని చెప్పనా?"

నీలవేణి ఆ కాగితం మడిచి తీసుకుని బయటికి నడిచింది.

*

ఇంటికి రాగానే నీలవేణి తల్లి మెడ వెనక మీట నొక్కి కంటె తీసేసింది. "ఏటిది" అన్నట్టు పోలమ్మ చేతులు తిప్పింది. నీలవేణి తల్లిని గచ్చు మీద కూర్చోబెట్టి అంతా చెప్పేసింది. కాగితం సంగతి, పెట్టె సంగతి, ఇన్నాళ్ళూ తను చెప్పని సంగతి. శిక్ష మాట ఆమెకి గుర్తురాకపోలేదు. నిండా మునిగినవాడికి చలేమిటి?

పోలమ్మ కంటె అందుకుని తనే తొడుక్కుంది.

"నాను మింగీసిందంతా నీ కాడున్నాదా?"

"ఉందమ్మా."

"సదివినావా?"

"ఈవేళే. నిజం, ఈవేళే మొదటిసారి."

"లోవగాడి మీద అన్నదీ?"

నీలవేణి తలూపింది. పోలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకేటి తెలుసే, ఆడు సేసినాడో లేదో. ఆ రేత్రి ఇంట్లో లేడు, అంతే తెలుసు. మిగతాదంతా నా కడుపులో మంట. దాన్నట్టుకెల్లి కోర్టులో సదువుతారా?" కొంగు నడుముకి దోపింది. "ఆ పెట్టెలోది పోవాలంటే ఏటి సెయ్యాల?"

"జల్లెడ తీసెయ్యాలి. తీస్తే అవన్నీ చెరిగిపోతాయి. కానీ తరవాత నువ్వు మింగేది కూడా కంటె పలికేస్తుంది. సత్తెమ్మ గుర్తుందా?"

"ఎలా మర్సిపోతాను. మూడేళ్ళు మాటాడ్లేదది." పోలమ్మ లేచి నిలబడింది. "అయితే తీసెయ్. ఆ బాబుకి సెప్పు, దొంగసాటుగా నా గొంతులో సెయ్యెట్టొద్దని. ఎదర కూకుని అడగమను. జల్లెడ లేకుండానే సెప్తాను. దానికి బదులు పెట్టెలోది పోవాల."

"నీ వల్ల కాదమ్మా. ఆలోచన రాగానే పలికేస్తుంది. ఆపుకోడానికి టైముండదు."

"ఒలే, నోట్లో నిప్పెట్టుకుని నలబయ్యేళ్ళు మాటాడినోళ్ళం. నాలిక కాలకుండా తిప్పుకోడం నాకు నేర్పుతావేటే?"

ఆ తీరంలో ప్రతి అడ్డపొగ ఆడదానికీ ఈ గీర ఉంటుంది. నిప్పుని నోట్లో ఆడించినవాళ్ళకి మాటొక లెక్కా అని. ఆ నిప్పే చివరికి అంగిలి తినేసినా ఆ గీర మాత్రం పోలేదు.

*

అనంతశయనం ఒప్పుకున్నాడు, తల్లికి చెప్పేసినందుకు శిక్ష మాట ఎత్తకుండానే. ఆయన వెంట వచ్చిన కళ్ళజోడు నిపుణుడు వద్దన్నాడు గానీ ఆయన వినలేదు. "పాత మాటలతో కోర్టులో ఎంత పనవుతుందో తెలీదు. వాడు ఈవేళ ఎక్కడున్నాడో తెలిస్తే నాకు చాలు," అని ఒప్పుకున్నట్టు రాసి సంతకం పెట్టాడు. పెట్టెలోవి చెరిగిపోయినట్టు నిపుణుడు స్వయంగా చూసి తలూపాడు. పోలమ్మ కొత్త చీర కట్టుకుని, బల్లకి అవతల నిటారుగా కూర్చుంది. ఆమె పక్కన నీలవేణి, గోడవారన జోగారావు.

"పోలమ్మ గారూ, ఆ రాత్రి మీ అబ్బాయి ఇంట్లో ఉన్నాడా?"

"ఉన్నాడు," అంది కంటె. వెంటనే ఆపకుండా మొదలెట్టింది. "లేడు, ఎక్కడికెల్లినాడో, నాను దీపమెట్టుకు కూకున్నాను. ఆడే సేసినాడు. ఆడు సెయ్యలేదు, నా బిడ్డ సీమని కూడా తొక్కడు. తొక్కుతాడు, కోపమొస్తే ఆల బాబు లాగే. ఆ వాచ్‌మన్‌కి పెల్లాం ఉందో లేదో, ఎలా ఏడుస్తందో. ఈ బాబు ఇంత సన్నంగున్నాడేటి, ఇంట్లో తిండెట్టరేటో. నా కొడుకే. కాదు. పొయ్యి మీద పాలెట్టి వచ్చీసినాను. పోలీసోళ్ళ నోట్లో మన్నుపడ. సచ్చిపోయినాడు నా కొడుకు, సముద్రంలో పడి సచ్చిపోయినాడు. లేదు, ఉన్నాడు."

పోలమ్మ పెదాలు బిగించి కూర్చుంది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. లోపల ఆమె ఎంత తిప్పుకుంటున్నా, కంటె ఆమె కన్నా ఒక్క క్షణం ముందే ఉంది. నిపుణుడు రాయడం ఆపేశాడు. ఏ మాట రాసుకోవాలో అతనికి తెలియలేదు.

"ఈ పిల్లే," అంది కంటె. పోలమ్మ కూతురి వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నిస్తోంది. "నా గూతురే నా గొంతులో కూకుని నాను మింగిందంతా యెత్తుకుపోయింది. పోయిన మాట తెచ్చిచ్చింది కదా, ఎట్టుకుపోతే ఎట్టుకుపోనీ. ఇచ్చిందే గానీ అడగలేదు. నన్నొక్క మాట అడగలేదు."

నీలవేణి తల వంచుకుంది. ఇన్నేళ్ళుగా ఆమె ఎదురుచూస్తున్న నింద అది. అది తల్లి గొంతులోనే, తను చేసిన గొంతులోనే వచ్చింది.

అనంతశయనం కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. ఇక లేస్తాడనుకుంది నీలవేణి. ఆయన లేవలేదు. కాస్త ముందుకు వంగి, చాలా మెత్తగా, ఇంట్లో మనిషి అడిగినట్టు అడిగాడు:

"పోనీలెండమ్మా. వాడికి వేళకి అన్నం ఎవరు పెడుతున్నారో, పాపం?"

ఈ ప్రశ్నకి ఏ తల్లీ కాపలా పెట్టుకోదు. పోలీసుల ప్రశ్నలకి కాచుకుని కూర్చున్న పోలమ్మ అన్నం మాట దగ్గర దొరికిపోయింది.

"సేపల పులుసు లేందే ముద్ద దిగదు ఆడికి," అంది కంటె. "ఎండు సేపలు పంపినాను, సరిపోతాయో లేదో. మా..."

పోలమ్మ రెండు చేతులూ మెడ దగ్గరికి పోయాయి. మీట కోసం వెతకలేదు. కంటెని పట్టుకుని ఒక్క లాగు లాగింది. చర్మంలోకి దిగి ఉండే సన్నటి వెండి ముళ్ళు మాంసంతో సహా ఊడొచ్చాయి. కొత్త చీర ముందంతా నెత్తురైంది. కంటె బల్ల మీద పడి, గుర్రుమని ఆగిపోయింది.

"మళ్ళీ పెట్టండి," అన్నాడు అనంతశయనం. "డాక్టరుగారూ, మళ్ళీ తొడగండి. అరనిమిషం చాలు."

జోగారావు అప్పటికే పోలమ్మ మెడకి తువ్వాలు అదిమిపెట్టి ఉన్నారు. చెయ్యి వణకలేదు.

"ఈవిడ నా పేషెంటు. పుండు పచ్చిగా ఉంది. ఈ మెడ మీద ఇంకేదీ పెట్టడానికి నేను ఒప్పుకోను. కావాలంటే నా మీద రాసుకోండి," అన్నారు. అని నీలవేణి వైపు తిరిగి, "దూది తే అమ్మాయ్," అన్నారు.

అనంతశయనం కాగితాలు సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి పోలమ్మకి నమస్కారం పెట్టాడు. ఆమె అటు చూడలేదు.

*

పాలెంలో ఇలాంటివి దాగవు. పోలమ్మ గొంతులోంచి కొడుకు జాడ లాగబోతే గొంతే పీకేసుకుందిట అని వలలు బాగుచేసే చోట, ఐసు బళ్ళ దగ్గర, పంపు దగ్గర చెప్పుకున్నారు. కంటెలున్న మిగతా ఆడవాళ్ళు కొందరు వాటిని తువ్వాళ్ళలో చుట్టి తెచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. నీలవేణిని తిట్టడానికి వాళ్ళ దగ్గర మాట లేదు. తిడితే బాగుండునని ఆమెకి అనిపించింది. కొందరు ఉంచుకున్నారు. మనవలతో మాట్లాడకుండా బతకలేమని రాయించి పంపారు. మా మాటలూ దాచావా అని అడిగినవాళ్ళందరికీ నీలవేణి ఉన్నదున్నట్టు చెప్పింది. ఈసారి ఏదీ మింగలేదు.

వారం తిరక్కుండా ఒక పొద్దున్న లోవరాజు తనంతట తనే ఇంటికొచ్చాడు. గడ్డం పెరిగి, చిక్కిపోయి ఉన్నాడు. వెంట ఒక ప్లీడరు. తల్లి మెడ మీది కట్టు చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"అప్పా, నిప్పు నాను పెట్టలేదు," అన్నాడు నీలవేణితో. తల్లి వైపు చూసే ధైర్యం అతనికి లేదు. "ఎవరెట్టినారో సీకట్లో నాకు కనపడ్లేదు. నాను తాడు కోసినాను. బార్జి కొట్టుకుపోతే జెట్టీ పని నాలుగు రోజులు ఆగుతాదని కోసినాను. లోపల మనిషున్నాడని నాకు తెల్దు. మంటలు లేసినప్పుడు ఆయన గట్టు మీదకి దూకడానికి సూసినాడు. గట్టు దూరమైపోయింది. దూరం సేసింది నానే."

కొడుకే చేశాడని పోలమ్మ మింగిన మాటా నిజం కాదు. చీమని తొక్కడన్నదీ నిజం కాదు. నిజం ఏ పెట్టెలోనూ లేదు. అతని దగ్గరే ఉంది. చెప్పడానికి అతనే రావాల్సి వచ్చింది.

"సూర్యనారాయణ గారి కూతురికి కూడా ఇదే చెబుతావా?" అంది నీలవేణి.

"ముందు ఆ పిల్లకే సెప్పాల," అన్నాడు లోవరాజు.

పోలమ్మ లోపలికి వెళ్ళి కంచంలో అన్నం, పులుసు తెచ్చి అతని ముందు పెట్టింది. అతను తినేదాకా ఎదురుగా కూర్చుంది. ప్లీడరు గడియారం చూసుకుంటూ వీధిలో నిలబడ్డాడు.

చెయ్యి కడుక్కుని లోవరాజు లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, ఎల్తన్నాను. తిట్టు పోనీ. ఏటైనా సెప్పు."

నీలవేణి బీరువాలోంచి కంటె తెచ్చింది. కొత్త ముళ్ళు వేసి, ఏ పెట్టెతోనూ సంబంధం లేకుండా తిరిగి కట్టిన కంటె అది. జల్లెడ లేదు కాబట్టి ఏమైనా పలకొచ్చు, తడబడొచ్చు. "ఇది ఏదీ దాచదమ్మా. ఒట్టు," అంది.

పోలమ్మ ఆ కంటెని చూసింది. కూతుర్ని చూసింది. చేత్తో మెల్లగా పక్కకి నెట్టేసింది. కొడుకు దగ్గరికి వెళ్ళి, అతని చొక్కా పై గుండీ పెట్టి, మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది. మెడ మీది కట్టు కింద గొంతు ఒక్కసారి పైకి లేచి, కిందికి దిగింది.

ఏదో మింగింది. అదేమిటో లోవరాజుకి తెలియలేదు, నీలవేణికీ తెలియలేదు. తెరిచి చదవడానికి ఇప్పుడు ఏ పెట్టెలోనూ ఏమీ లేదు.